మామకు చలి, బాబుకు ఆయాసం... హాల్లో ఫైర్‌ప్లేస్ కట్టించాలా?

అచ్చంపేటకు దగ్గర్లో ఉన్న ఒక ఊరి నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. వయసు 34. భర్తకు విత్తనాలు, ఎరువుల దుకాణం. ఇద్దరు పిల్లలు. చిన్నవాడికి ఐదేళ్లు, చలికాలం వచ్చిందంటే పిల్లికూతలు, ఆయాసం. నెబులైజర్ ఇంట్లోనే పెట్టుకున్నారు. అత్తమామలు వీళ్లతోనే ఉంటారు. మామకు 76 ఏళ్లు, షుగర్ ఉంది.

మూడేళ్ల కింద పాత మట్టి మిద్దె కూలగొట్టి స్లాబు ఇల్లు కట్టుకున్నారు. కింద టైల్స్, హాల్లో పీవీసీ సీలింగ్. అప్పటి నుంచి మామకు కొత్త ఇంటి చలి పడడం లేదు. "ఈ ఇంట్ల చలి బొక్కలల్లకు పోతది" అంటారట. రెండు చలికాలాలుగా రాత్రి పూట పెరట్లో పొయ్యి మీద నుంచి బొగ్గులు కుంపట్లో వేసుకొని, గదిలో మంచం పక్కన పెట్టుకొని, తలుపులు కిటికీలు మూసి పడుకుంటున్నారు.

పోయిన డిసెంబరులో కెనడా నుంచి మరిది వచ్చాడు. తండ్రి కుంపటి మీద చేతులు చాపి కూర్చోవడం చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. మూడు లక్షలు పంపిస్తాను, మా ఇంట్లో ఉన్నట్టే హాల్లో ఫైర్‌ప్లేస్ కట్టించండి అన్నాడు. రోజుకో వీడియో పంపుతున్నాడు. మేస్త్రీ వచ్చి టేపు పెట్టి కొలిచి, గోడ మీద చాక్‌పీసుతో గీత కూడా గీసిపోయాడు. భర్తేమో "తమ్ముడు ముచ్చటపడుతున్నడు, ఎట్ల కాదంటం" అంటున్నాడు. బాబుకు పొగ పడదని ఈమె ఒక్కసారి నోరు తెరిస్తే అత్త, "మేం పొగలనే పుట్టినం, పొగలనే పెరిగినం. ముసలాయనకు ఇంత ఎచ్చగ ఉంటే నీ సొమ్మేం పోయింది" అన్నారట. ఆ రోజు నుంచి ఈమె మాట్లాడడం మానేశారు.

ఉత్తరం మధ్యలో ఒకచోట ఇలా ఉంది: "సంక్రాంతి తెల్లారి మామ పొద్దెక్కినా లేవలేదు. లేపితే తల పగిలిపోతున్నదన్నడు. రెండుసార్లు వాంతి చేసుకున్నడు. బయట అరుగు మీద కూర్చోబెడితే గంటకు తేరుకున్నడు. పండగ పూట అరిసెలు, గారెలు తిని పైత్యం చేసిందనుకున్నం."

ఆమె అడిగినవి రెండు. కట్టెలు తక్కువ కాలి, పొగ తక్కువ వచ్చి, వేడి ఎక్కువ ఇచ్చే ఫైర్‌ప్లేస్ ఏది? వద్దని చెప్పాల్సి వస్తే, నేను చెడ్డదాన్ని కాకుండా ఎట్లా చెప్పాలి?

* * *

సంక్రాంతి మర్నాటి సంగతి మీరు నాలుగు ముక్కల్లో రాసి ముందుకు వెళ్లిపోయారు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. ముందు దాని గురించి మాట్లాడుకుందాం, ఫైర్‌ప్లేస్ తర్వాత.

మూసిన గది, రాత్రంతా బొగ్గుల కుంపటి, తెల్లారేసరికి తలనొప్పి, వాంతి, బయటి గాలికి కూర్చోగానే తేరుకోవడం. ఇది అరిసెల పైత్యం కూడా కావచ్చు. కానీ నాకు కార్బన్ మోనాక్సైడ్ అనే అనుమానం గట్టిగా ఉంది. నిప్పుకు సరిపడా గాలి అందనప్పుడు పుట్టే వాయువు అది. రంగుండదు, వాసనుండదు, కళ్లు మండవు, దగ్గు రాదు. మన రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌కు ఈ వాయువు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. ఒంటికి ఆక్సిజన్ తగ్గిపోతున్నా నిద్రలో ఉన్న మనిషికి ఆ సంగతి తెలియదు.

"పొగ పోయినంక, బొగ్గులు ఎర్రగైనంకనే లోపలికి తెస్తున్నం కదా" అని మీ ఇంట్లో అంటారు. అందరూ అనే మాటే అది. కానీ పొగ లేని ఎర్రటి బొగ్గుల్లోంచే ఈ వాయువు బాగా వస్తుంది. తెల్లారేదాకా నిలవాలని పైన బూడిద కప్పితే గాలి ఇంకా తక్కువ అందుతుంది.

అందుకే ఈ రాత్రి నుంచే కుంపటి పడకగదిలోకి రాకూడదు. ఈ సమాధానంలో చాలా సంగతులు మీ ఇంటి వీలును బట్టి చూసుకోమని వదిలేస్తాను. ఇది ఒక్కటి వదలను. కిటికీ ఒక రెక్క తెరిచి పెడతామన్నా సరే, మనిషి నిద్రపోయే గదిలో వద్దు. ఎప్పుడైనా మళ్లీ అలా జరిగితే, నిద్రమత్తేమోలే అని చూస్తూ కూర్చోకండి. తలుపులన్నీ తెరిచి మనిషిని బయటికి మోసుకొచ్చి 108కి ఫోన్ చేయండి.

మామను ఒకసారి డాక్టరుకు చూపించండి. కుంపటి సంగతి, వాంతి సంగతి డాక్టరుకు విడమరిచి చెప్పండి. ఈ రెండేళ్లలోనే చలి ఎక్కువైందంటే అది ఇంటి తప్పే కాకపోవచ్చు. రక్తం తక్కువైనా, థైరాయిడ్ మందగించినా చలి ఎక్కువ అనిపిస్తుంది. మామూలు రక్తపరీక్షల్లో తెలిసిపోతుంది. షుగర్ ఉన్నవాళ్లకు అరికాళ్లలో స్పర్శ తగ్గుతుంది కాబట్టి పాదాలు కూడా చూపించండి. కుంపటికి కాళ్లు చాపుకొని పడుకునే మనిషికి కాలినా తెలియదు.

ఇక ఇల్లు. మామ చెప్పేది చాదస్తం కాదు, ఆ చలి నిజమే. మీ పాత మిద్దెకు మందమైన మట్టిగోడలు, పైన దూలాల మీద మట్టి కప్పు. పగటి ఎండను అవి మెల్లగా తాగి రాత్రంతా మెల్లగా వదిలేవి. మధ్య అర్రలో పొయ్యి ఉండేది, ఆయన పడక దానికి దగ్గరే. పొగ పోవడానికి పైన గవాచి ఉండేది. ఇప్పుడు ఆయన గదిలో నెత్తి మీద అయిదారు అంగుళాల స్లాబు, కాళ్ల కింద మంచుగడ్డ లాంటి టైల్స్, పక్కన సందులున్న అల్యూమినియం కిటికీ. ఆయనకు వేడి దొరికే దారులన్నీ పోయాయి, చలి వచ్చే దారులు మిగిలాయి.

అత్తగారి మాటకు కూడా ఒక జవాబు ఉంది. దాన్ని ఆమె మొహం మీద అనమని నేను చెప్పను, మీరు తెలుసుకుంటే చాలు. మా అమ్మమ్మ ఊరు దేవరకొండ వైపు. వంట అర్రలో దూలాలు నల్లగా నిగనిగలాడేవి, వేలితో గీరితే జిగటగా మసి అంటుకునేది. అమ్మమ్మ తెల్లవారుజామున పొయ్యి ముట్టించే ముందు పది నిమిషాలు దగ్గేది, ముట్టించాక మళ్లీ దగ్గేది. బీడీ ముట్టని మనిషి. చివరి నాలుగేళ్లు పది అడుగులు వేస్తే ఆయాసం. ఆ దగ్గును మా ఇంట్లో ఎవరూ పొగ అనలేదు, ముసలితనం అన్నారు. పొగలో పెరిగినవాళ్లకు ఏమీ కాలేదని మనం అనుకోవడం ఇలాగే జరుగుతుంది. మీ అత్తకు పొద్దున లేవగానే దగ్గు ఉందేమో ఒకసారి గమనించండి.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్నకు వద్దాం.

మీ మరిది పంపే వీడియోల్లో ఉండేది, అంటే గోడలో గూడు, ముందు తలుపు లేకుండా మంట కనబడేది, చూడడానికి ఎంత బాగుంటుందో వేడి ఇవ్వడంలో అంత వెనకబడి ఉంటుంది. కట్టెలో ఉన్న వేడిలో పదో వంతో, ఇంకొంచెమో గదికి దక్కుతుంది, మిగతాదంతా చిమ్నీ గుండా ఆకాశానికి. పైగా మంట నిలబడడానికి అది గదిలో వేడెక్కిన గాలినే పైకి లాగేస్తుంది. ఆ ఖాళీ నిండడానికి తలుపు సందుల్లోంచి బయటి చలిగాలి లోపలికి వస్తుంది. మంట ఎదురుగా కూర్చున్నవాళ్లకు మోకాళ్లు కాలుతుంటాయి, వీపు వణుకుతుంటుంది. రాత్రి మంట ఆరాక కూడా నిప్పులు పూర్తిగా చల్లబడేదాకా చిమ్నీ మూత మూయకూడదు, మూస్తే కుంపటి కథే మళ్లీ వస్తుంది. అంటే మామ నిద్రపోయే గంటలన్నీ ఇంటి నెత్తిన కన్నం తెరిచే ఉంటుంది.

తలుపున్న ఇనుప స్టవ్ వేరు. ముందు గట్టి అద్దం, తలుపు చుట్టూ వేడికి తట్టుకునే తాడు, గాలి ఎంత పోవాలో తిప్పే మీట ఉంటాయి. 2022 జనవరి 1 నుంచి యూరప్‌లో అమ్మే ఇలాంటి మూత స్టవ్‌లకు కనీసం 65 శాతం సామర్థ్యం ఉండాలని నియమం పెట్టారు. అదే నియమంలో తెరిచి ఉండే రకానికి 30 శాతం చాలన్నారు. నియమం రాసినవాళ్లు కూడా తెరిచిన మంట నుంచి అంతకంటే ఆశించలేదు. బాగా ఎండిన కట్టె కిలోకు, కరెంటు మీటరు యూనిట్ల లెక్కలో చెప్పాలంటే, సుమారు 4 యూనిట్ల వేడి ఉంటుంది. మూత స్టవ్‌లో అందులో రెండున్నర, మూడు యూనిట్లు గదిలోకి వస్తాయి. మామూలు ఇటుక ఫైర్‌ప్లేస్‌లో అర యూనిట్. ఒకే వెచ్చదనానికి ఒకచోట కిలో కట్టె చాలితే ఇంకోచోట ఐదారు కిలోలు కాలతాయన్నమాట. కాబట్టి కట్టించడమే ఖాయమైతే తలుపున్న ఇనుప స్టవ్ ఒక్కటే ఆలోచించదగ్గది.

కానీ మన దగ్గర దీనికొక చిక్కుంది, అమ్మేవాళ్లు దాని ఊసెత్తరు. మన చలి తక్కువ. డిసెంబరు, జనవరిలో బాగా చలి పెట్టిన రోజుల్లో తెల్లవారుజామున మీ వైపు 12, 13 డిగ్రీలు. నేను ఉజ్జాయింపుగా లెక్క కట్టాను. 12 అడుగుల చదరపు గదిని 21 డిగ్రీల దగ్గర ఉంచడానికి గంటకు ఒక యూనిట్ వేడి చాలు. మీ హాలుకు రెండు అనుకోండి. మార్కెట్లో దొరికే చిన్న స్టవ్‌లే మామూలుగా నాలుగైదు కిలోవాట్లవి, అంటే గంటకు నాలుగైదు యూనిట్ల వేడి ఇచ్చేవి. అరగంటలో గది ఉడికిపోతుంది. అప్పుడు ఏం చేస్తాం? గాలి మీట బిగిస్తాం. గాలి బిగిస్తే మంట చచ్చి కట్టె రగులుతుంది. రగిలే కట్టె నుంచే పొగ ఎక్కువ వస్తుంది, అద్దం నల్లబడుతుంది, చిమ్నీ లోపల తారు లాంటి జిగురు పేరుకుంటుంది. ఆ జిగురు ఒకరోజు అంటుకుంటే చిమ్నీయే మండుతుంది. పెద్దది కొంటే మంచిదనే మన అలవాటు ఇక్కడ ఎదురు తిరుగుతుంది. దొరికిన వాటిలో అతి చిన్నది తీసుకొని, చిన్న మంటను ధాటిగా మండించి, ఆరనివ్వాలి.

మీ ఇంట్లో దానికి చోటు కూడా తేలిక కాదు. హాల్లో పీవీసీ సీలింగ్ ఉందన్నారు. ఒంటి పొర గొట్టం, మండే వస్తువు దేనికైనా 18 అంగుళాల దూరంలో ఉండాలి. గొట్టం పోయే మేర సీలింగ్ తీసేయక తప్పదు. పైన చిమ్నీ స్లాబు మీద కనీసం మూడు అడుగులు లేవాలి. పది అడుగుల లోపు మెట్ల గది గానీ, నీళ్ల ట్యాంకు గానీ ఉంటే దానికంటే రెండు అడుగులు ఎత్తుండాలి. లేకపోతే గాలి తిరిగినప్పుడల్లా పొగ ఇంట్లోకే దిగుతుంది. వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసినా అదే జరగొచ్చు. ముట్టించే ముందు స్టవ్ తలుపు దగ్గర ఒక అగరుబత్తి పట్టుకొని చూడాలి. పొగ లోపలికి లాక్కుపోతే చిమ్నీ పనిచేస్తున్నట్టు, మీ మొహం వైపు తిరిగితే ముట్టించకూడదు. స్లాబుకు పెట్టిన కన్నం చుట్టూ వానాకాలంలో కారకుండా చూసుకోవాలి. పైన టోపీ, జాలీ లేకపోతే పావురాళ్లు గూడు పెడతాయి. ఏడాదిలో వాడేది నలభై, యాభై రాత్రులు, చూసుకోవాల్సింది పన్నెండు నెలలు.

ఏటా ఆ చిమ్నీలో బ్రష్ దింపి మసి తీసేది ఎవరు? నేను గుచ్చి అడుగుతున్నది ఎందుకంటే మన ఊళ్లలో ఈ పాఠం ఒకసారి నేర్చుకున్నాం. 1983లో మొదలై 2002 దాకా ప్రభుత్వం దేశమంతా పొగ లేని పొయ్యిలు కట్టించింది. కోట్లలో కట్టారు. గొట్టాలు మసితో పూడుకుపోయి, తీసేవాళ్లు లేక, చాలాచోట్ల మళ్లీ మూడు రాళ్ల పొయ్యికే వచ్చారు. కెనడాలో మీ మరిదికి ఫోన్ చేస్తే బాగుచేసే మనిషి వస్తాడు. అచ్చంపేటలో ఆ పని మీ భర్తదో, మీదో అవుతుంది.

కట్టెల సంగతీ ఉంది. పచ్చి కట్టె బరువులో సగం దాకా నీళ్లే. ఆ నీళ్లు ఆవిరవడానికే కొంత వేడి ఖర్చవుతుంది, మంట చల్లబడి పొగ ముంచెత్తుతుంది. తేమ 20 శాతం లోపు ఉండాలి. మన ఎండలు దీనికి బాగా పనికొస్తాయి. సంక్రాంతి తర్వాత తుమ్మ, సర్కారు తుమ్మ, వేప కొట్టి, చీల్చి, కింద రాళ్లు పెట్టి పైన రేకు కప్పి ఉంచితే ఒక్క ఎండాకాలంలో ఆరిపోతాయి. రెండు కట్టెలు ఒకదానికొకటి కొట్టి చూడండి, ఆరినవి ఖంగుమంటాయి, పచ్చివి దబ్బుమంటాయి. ఆరిన కట్టె చివర నడిమి నుంచి అంచుకు చీలికలు కనబడతాయి, బెరడు వేలితో ఊడి వస్తుంది. నల్లమల అడవి దగ్గర ఉంది కదా అని అక్కడి కట్టె మీద ఆశ పెట్టుకోకండి, అది పులుల అభయారణ్యం. పత్తికట్టె ఊరికే దొరుకుతుంది గానీ బుస్సున మండి ఆరిపోతుంది. పైగా అన్ని మందులు కొట్టిన చేను కట్టెను పిల్లలున్న ఇంట్లో కాల్చడం నాకు ఇష్టం లేదు. దాన్ని ఇంటి దగ్గర కుప్పలు పెడితే గులాబీ రంగు పురుగు అందులోనే దాక్కుంటుందని మీ దుకాణానికి వచ్చే రైతులకు మీ భర్తే చెబుతుండాలి.

ఇవన్నీ సరిగ్గా కుదిరినా ఒకటి మిగులుతుంది. కట్టె వేయడానికి తలుపు తెరిచిన ప్రతిసారీ కొంత పొగ గదిలోకి వస్తుంది. ఆయాసం ఉన్న ఐదేళ్ల బాబు తిరిగే హాలు అది. ఎంత మంచి స్టవ్ అయినా నా ఇంట్లో అలాంటి బిడ్డ ఉంటే నేను లోపల పెట్టను. ఇది నా అభిప్రాయం. బాబును చూసే డాక్టరును అడగండి, ఆయన మాటకు మీ ఇంట్లో నా మాట కంటే బరువుంటుంది.

మరి మామకు వెచ్చదనం ఎట్లా? గదంతా వేడి చేయాలన్న ఆలోచన కొంచెం పక్కన పెట్టి, పడుకున్న మనిషిని వేడిగా ఉంచడం గురించి ఆలోచించండి. నులక మంచమైతే చలి కింద నుంచి వస్తుంది, ఎన్ని దుప్పట్లు కప్పినా ఆగదు. పరుపు కింద ఒక గొంగడి పరవండి, పాలమూరు కురుమలు నేసే నల్ల గొర్రెబొచ్చు గొంగడి అయితే మరీ మంచిది. దాని మీద బొంత. మంచం బయటి గోడకు ఆనించి ఉంటే మూరెడు జరపండి. నేల మీద జంపఖానా, కిటికీకి మందపాటి పరదా, తలుపు కింది సందుకు గుడ్డ చుట్ట. తలకు మంకీ క్యాప్, కాళ్లకు మేజోళ్లు. వీటన్నిటికీ అయ్యే ఖర్చు మీ మరిది పంపుతానన్న మూడు లక్షల్లో ఏ మూలకూ రాదు.

అయినా చాలకపోతే కరెంటు దుప్పటి ఉంది. 80 వాట్ల దుప్పటి ఎనిమిది గంటలు వేస్తే రోజుకు యూనిట్‌లో మూడింట రెండు వంతులు, నెలకు 20 యూనిట్ల లోపే. పడుకునే ముందు అరగంట వేసి పక్క వేడెక్కాక ఆపేస్తే ఇంకా తక్కువ. షుగర్ ఉన్న మనిషికి రాత్రంతా ఒంటికి ఆనించి ఉంచడం కంటే ఇలా చేయడమే నయం. వేడినీళ్ల సంచి కూడా అంతే, గుడ్డ చుట్టకుండా అరికాళ్ల దగ్గర పెట్టకండి. ఆయిల్ హీటర్ అయితే గది మొత్తం వెచ్చబడుతుంది, పొగ లేదు, కార్బన్ మోనాక్సైడ్ లేదు. కానీ 1500 వాట్లది రోజుకు రెండు గంటలు వాడితే నెలకు 90 యూనిట్లు. మీకు గృహజ్యోతి జీరో బిల్లు వస్తుంటే, నెలకు 200 యూనిట్లు దాటిందంటే ఆ నెల మొత్తం బిల్లు కట్టాలి. మీ చలికాలం బిల్లులు ఒకసారి తీసి ఎన్ని యూనిట్లు కాలుతున్నాయో చూసుకున్నాకే హీటర్ కొనండి.

ఇంతా చెప్పాక నాకొక అనుమానం. మామకు కావాల్సింది వెచ్చదనం ఒక్కటేనా? పాత ఇంట్లో ఆయన మంట పక్కన పడుకున్నాడు, మంట పక్కనే కూర్చొని వచ్చినవాళ్లతో మాట్లాడాడు. మిద్దె కూలినప్పుడు ఆ చోటు కూడా పోయింది. కుంపటి మీద చేతులు చాపి కూర్చునే ముసలాయనకు దుప్పటి ఇచ్చి గదిలో పడుకోబెడితే ఒంటికి వెచ్చగా ఉంటుంది గానీ ఆ లోటు తీరదు. ఎవరైనా ఆయన్ని అడిగారా? మీ ఉత్తరంలో అందరి మాటా ఉంది, ఫైర్‌ప్లేస్ గురించి మామ ఏమన్నారో లేదు. సాయంత్రం చాయ్ ఇచ్చేటప్పుడు మీరే అడగండి: "మామా, నీకు ఇంట్ల మంట గావాల్నా, పండుకున్నప్పుడు ఎచ్చగ గావాల్నా?"

మంటే కావాలంటే దానికి పెరడు ఉంది. మీరు స్నానాలకు నీళ్లు కాచేది ఎట్లాగూ అక్కడే, మూడు రాళ్ల పొయ్యి మీద. ఆ డబ్బులో కొంత పెట్టి దాన్నే మంచిగా కట్టించండి. పైన రేకు, మూడు వైపుల నడుమెత్తు గోడ, ఒక వైపు పూర్తిగా తెరిచి ఉండాలి. లోపల ఎల్ ఆకారంలో ఇటుకల పొయ్యి. కట్టె అడ్డంగా పోతుంది, మంట నిలువుగా లేస్తుంది, గాలి కింద నుంచి అందుతుంది. మూడు రాళ్ల పొయ్యిలో కట్టె వేడిలో పది, పదిహేను శాతం గిన్నెకు చేరడమే గొప్ప. కట్టే ఓపిక లేకపోతే రెడీమేడ్ కట్టెల స్టవ్‌లున్నాయి. మన ఐఎస్ 13152 ప్రమాణం ప్రకారం ఫ్యాన్ లేనిదానికి కనీసం 25 శాతం, ఫ్యాన్ ఉన్నదానికి 35 శాతం సామర్థ్యం ఉండాలి. ఐఎస్ఐ గుర్తు చూసి తీసుకోండి. నడుమ గొట్టం ఉన్న రాగి బాయిలర్ అయినా బాగుంటుంది, తక్కువ పుల్లలతో నీళ్లు మరుగుతాయి. అత్త ముట్టించడానికి ప్లాస్టిక్ కవర్లు వాడుతుంటే అవి మాన్పించండి, కొబ్బరి పీచు చాలు. బాబు మాత్రం మంట వెలిగినంతసేపు లోపలే ఉండాలి. పొయ్యి కిటికీలకు దూరంగా, గాలికి పొగ ఇంట్లోకి కొట్టని మూలన ఉండాలి. చలికాలంలో గాలి ఎటు వీస్తుందో ఆ మూల నిలబడి మీరే చూడండి, మేస్త్రీకి వదలకండి.

ఇక మాట్లాడడం. మీరు ఒక్కరే "పొగ, బాబు" అంటే ఇది కోడలికీ ముసలాయనకూ మధ్య పంచాయితీగా మారుతుంది. ఒకసారి మారింది కూడా. మాట్లాడకుండా ఉంటే మేస్త్రీ గీసిన చాక్‌పీసు గీత కన్నం అవుతుంది, కన్నం పడ్డాక వద్దనడం ఇంకా కష్టం. నా ఉద్దేశంలో ముందు మీ భర్తకు సంక్రాంతి మర్నాటి సంగతి అసలు పేరుతో చెప్పండి. ఆయన భయపడతాడు, ఈ విషయంలో భయపడడమే మంచిది. మరిదికి ఆయనే ఫోన్ చేయాలి. "వద్దు" అనే మాటతో కాదు, "నాయిన ఆ రాత్రి కుంపటి గాలికి పోయేవాడురా, ఇంట్ల నిప్పు పెట్టాలంటే భయమైతుంది" అని జరిగింది చెబుతూ. ఒక ప్రశ్న కూడా అడగమనండి: "మీ ఇంట్ల ఉన్నది కట్టెలదా, గ్యాస్‌దా? ఇల్లు ఎచ్చగ చేసేది అదేనా, వేరే ఉందా?" అక్కడి చాలా ఇళ్లలో అసలు పని చేసేది ఇల్లంతటికీ వేడిగాలి పంపే గ్యాస్ ఫర్నేస్. గోడలోని మంట చాలాసార్లు ముచ్చటకే, అదీ అద్దం వెనక గ్యాస్ మంట. ఈ తేడా ఆయనకు ఎవరో చెప్పడం కాకుండా తన నోటితో తనే చెప్పుకుంటే మీ ఇంట్లో ఎవరి మాటా తక్కువ కాదు.

అన్నీ చెప్పినా మరిది పట్టుబడితే, మీ భర్త కాదనలేకపోతే, అప్పుడు కనీసం ఇవి అడిగి తీసుకోండి. హాల్లో కాకుండా ముందు వరండాకు అద్దాల తలుపులు పెట్టి స్టవ్ అక్కడ. తలుపున్న, అతి చిన్న ఇనుప స్టవ్. బయటి గాలి నేరుగా దానికి అందే గొట్టం. మామ గదిలో, పిల్లల గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం. చిమ్నీ శుభ్రం చేసే ఖర్చు ఏటా మరిదిది. ఇవి కోడలి గొణుగుడు అనిపించుకోవు, ఏ కెనడా మేస్త్రీ అయినా అడిగేవే.

అత్త విషయంలో తొందర వద్దు. పెరటి పొయ్యి ఎట్లా ఉండాలో ఆమెనే అడగండి. నోరు ఎంత వెడల్పు, కాగు ఎంత ఎత్తులో ఆనాలి, కట్టె ఎటు నుంచి వేస్తే సులువు, ఇవి ఆమెకు తెలిసినంత మేస్త్రీకి తెలియవు. పొయ్యి ముందు ఒక అరుగు కట్టించండి, మామ ఒక్కడికి సరిపోయేంత కాదు, కొంచెం పొడుగ్గానే. పక్కింటి ముసలాయన వచ్చి కూర్చుంటాడు. డిసెంబరులో మరిది వస్తే తండ్రి పక్కన ఆయనకూ చోటుండాలి.